పైసలు కొట్టిన నంబరు

రజనికి భయం తోబుట్టువులాంటిది. ఆమెతోపాటే పుట్టి, ఆమె కంచంలోనే తిని పెరిగింది. నడిగూడెంలో గొర్ల మంద ఉన్న ఇంట్లో పుట్టిన పిల్ల పొట్టేలును చూసి పరుగెత్తడమేమిటని వాడకట్టంతా నవ్వేది. ఉరుమంటే భయం, లెక్కల సారంటే భయం, పక్కన ఎవరైనా గట్టిగా తుమ్మినా భయం. తాడును చూసి పామనుకోవడం అందరికీ ఉండేదే. రజని మాత్రం అది తాడని తేలాక కూడా ఆ పూటకు ఆ దారిన పోదు. ఇలాంటివాళ్ళను చూసి లోకం నవ్వుతుంది, నవ్వనివ్వండి. భయమున్నవాళ్ళ చేతిలోనే పని పదిలంగా ఉంటుందన్న సంగతి ఆ నవ్వేవాళ్ళకు అవసరం పడ్డప్పుడు గానీ తెలియదు.

ఆమె తండ్రి అచ్చయ్యకు బిడ్డ భయం గురించి దిగులుండేది కాదు. పొద్దుగూకి మంద ఇంటికొచ్చినప్పుడు దొడ్డి తడిక దగ్గర ఆమెనే నిలబెట్టి లెక్క పెట్టించేవాడు. ఒకరోజు లెక్క సరిపోయింది. "సరిపోయినయ్ నాయినా" అని రజని తడిక వేయబోయింది. అచ్చయ్య ఆగమని, లోపలికి పోయి, చీకట్లో గొర్రెల చెవుల గుర్తులు తడుముతూ తిరిగి ఒక గొర్రెను మెడ పట్టి బయటికి లాగాడు. "ఇది మనది గాదు బిడ్డా. పరాయిది ఒకటి లోపలికొచ్చింది, మనది ఒకటి బయట వడ్డది. లెక్క సరిపోతె సరిపోదు, మొఖం సూడాలె" అన్నాడు. బయట పడ్డ గొర్రె తెల్లారి వాగు ఒడ్డున దొరికింది. నక్కలు వదిలిపెట్టిన మేరకే దొరికింది. రజని దాన్ని చూసి జ్వరం తెచ్చుకుంది.

ఆ పిల్లే సూర్యాపేటలో డిగ్రీ చదివి, ఆటో నడిపే మహేశ్వర్‌ను పెళ్లి చేసుకుని, బస్టాండు వెనక వీధిలోని ధన్వి డయాగ్నోస్టిక్స్ అనే రక్తపరీక్షల ల్యాబ్‌లో కుదురుకుంది. యజమాని జగదీశ్. పొలాలున్న ఇల్లు, ఎరువుల కొట్టున్న ఇల్లు, దానికి తోడు ఈ ల్యాబ్. మిషన్లన్నీ సూర్యాపేటలోనే. కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి రక్తం తీసే సెంటర్లు. పొద్దున ఖాళీ ఐసు డబ్బాలు అటు పోతాయి, మధ్యాహ్నానికి రక్తం సీసాలతో ఇటు వస్తాయి. రజనికి వారంలో కొన్నాళ్ళు కోదాడ సెంటర్‌లో డ్యూటీ, మిగతా రోజులు సూర్యాపేట కౌంటర్‌లో.

రిపోర్టులు పంపేది ఆమే. కస్టమర్లకు మెసేజులు పంపడానికి సార్ ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాడు. ఆన్‌లైన్‌లో పైసలు తీసుకోవడానికి ఇంకో కంపెనీలో ఖాతా తెరిచాడు. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండి మాటల్లేని తోడికోడళ్ళ లాంటివి. ఇందులో పైసలు పడ్డ సంగతి అందులో తెలియదు. మధ్యలో రజని రాయబారం. ఇటు చూడాలి, పడ్డాయనుకుంటే అటు తిరిగి రిపోర్టు పంపాలి. పంపేముందు ఆమె ఊరుకోదు. ఫోన్ చేసి "ఏ ఊరమ్మా మీది? మీ ఆయన పేరేంది?" అని అడిగి, గొంతు విని, సరేననుకున్నాకే పంపుతుంది. దాంతో ఆలస్యం. జనం కౌంటర్ మీద కొట్టేవాళ్ళు, సార్ విసుక్కునేవాడు.

"గిన్ని ఫోన్లెందుకు రజనీ? పైసలు పడంగనే రిపోర్టు దానంతటదే పోవాలె. జర సూడు, ఏదన్న ఉపాయముంటది" అన్నాడొకరోజు.

ఉపాయం ఉంది. ఫోన్‌లో వీడియోలు చూసి రజని అది కనిపెట్టింది. ఆ రెండింటినీ కలిపే సైటు ఒకటుంది. కోడ్ రాయనక్కర్లేదు, ఇంజనీరు చదువు అక్కర్లేదు. తెర మీద ఒక డబ్బా, దాని పక్కన ఇంకో డబ్బా, రెంటికీ నడుమ ఒక గీత. మొదటి డబ్బాలో "పైసలు ముడితే" అని, రెండో డబ్బాలో "ఈ రిపోర్టు ఈ నంబరుకు పంపు" అని పెడితే చాలు, ఇక మనిషి ముట్టుకునే పని లేదు. రజని వణుకుతూనే గీత గీసింది. ఏ నంబరుకు పంపాలని సైటు అడిగితే, చూపించిన వరుసలో పైన కనిపించిన ఫోన్ నంబరు ఎంచుకుంది. పరీక్షకు తన పేరు మీదే ఒక ఉత్తుత్తి రిపోర్టు తయారుచేసి, తన ఫోన్ నుంచే పైసలు కొట్టింది. ఠంగుమని రిపోర్టు తన ఫోన్‌కే వచ్చింది. భయం తీరక మళ్ళీ కొట్టింది, మళ్ళీ వచ్చింది. రేపు పొద్దున దీన్ని నడిపిద్దామని సార్‌కు చెప్పింది.

ఆ చెప్పిన రోజు ఆమె కోదాడ డ్యూటీలో ఉంది. మిట్టమధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒకామె వచ్చింది. సన్నగా, మొహంలో నెత్తురు చుక్క లేకుండా ఉంది. లోపలికి రాకముందు వీధి రెండు వైపులా చూసుకుంది. పేరు వసంత, ఊరు మఠంపల్లి. గర్భం నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష కావాలంది. సూది గుచ్చితే ఉలకలేదు గానీ, "ఈ రిపోర్టు ఎవలెవలు సూస్తరక్కా?" అని అడిగేటప్పుడు మాత్రం గొంతు వణికింది.

భయం భయాన్ని గుర్తుపడుతుంది. రజని తలుపు దగ్గరగా వేసి కూర్చోమంది. వసంత భర్త పోయి రెండేళ్ళు దాటింది. మిర్యాలగూడలో బియ్యం మిల్లు మిషన్లు బాగుచేసే సతీష్ ఆమెను చేసుకుంటానన్నాడు. రిజిస్టరు పెళ్లికి కాగితాలు పెట్టారు. అంతవరకూ అత్తింట్లో తెలియకూడదు.

"తెలిస్తే నన్ను ఎల్లగొడుతరక్కా, దానికి భయంలేదు. నా బిడ్డ అక్షితను మాత్రం ఇయ్యరు. 'నా కొడుకు రక్తం, గడప దాటనియ్య' అంటది మా అత్త సత్తమ్మ. ఇప్పుడే నన్నూ పాపనూ కలిపి ఎటూ పంపది. పాప ఇంట్ల ఉంటే నేను తిరిగొస్తనని ధీమా. మరిది పవన్ ఉన్నడు. నోట్లకెళ్ళి మాట రాదు, తల్లి గీసిన గీత దాటడు. తెలిస్తే పాపను ఎత్తుకపోయి యాడనో దాస్తడు. ఏదన్న పెండ్లో పండుగో సాకు జెప్పి పాపను తీస్కొని బయటపడాలె. గంతవరకే."

"సతీష్‌కు జెప్పినవా?"

"ఖాయమైనంక జెప్త."

రజని ఆమె చేయి పట్టుకుంది. తనకు తెలియకుండానే పెద్ద మాట అనేసింది. "రేపటి నుంచి రిపోర్టులు మనుషులు పంపరు చెల్లే. మిషన్ పంపుతది, నీ నంబరుకే వస్తది. మధ్యల ఎవ్వలూ సూడరు. నా మాట నమ్ము."

వసంత నమ్మింది. పేదరాలి నమ్మకం అంత తొందరగా దొరకడం కూడా భయపెట్టే సంగతే, ఆ రోజు రజనికి అది తట్టలేదు.

మర్నాడు సూర్యాపేటలో గీత నడవడం మొదలైంది. పైసలు పడుతున్నాయి, రిపోర్టులు పోతున్నాయి. కౌంటర్ మీద కొట్టేవాళ్ళు లేరు. పడ్డవెన్నో పోయినవీ అన్నే. సార్ వచ్చి "శభాష్ రజనీ, ఇగ నువ్వు ఛాయ్ తాగుకుంట కూసో" అన్నాడు. నిజంగానే ఛాయ్ తెప్పించాడు. రజని గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి కౌంటర్ ఫోన్ మోగింది. అవతల కోళ్ళ దుకాణం పెట్టుకున్న ఒకాయన.

"అమ్మా, నాకు షుగరు ఉన్నదని పంపిన్రు. పేరు సూస్తె లింగమ్మ అని ఉన్నది. నేను లింగమ్మ లెక్క కనబడుతున్ననా?" అని పడీపడీ నవ్వాడు. "మా ఇంటి పక్క ముసలామె ఆమె. ఆమెకు ఫోన్‌పే లేదు. పైసలు చేతుల పెట్టి కొట్టమంటే నేనే కొట్టిన."

అవతలాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. రజని తాగని ఛాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

మన దగ్గర పైసలు కొట్టేవాడు వేరు, పని చేయించుకునేవాడు వేరు. ఇది ఎవరూ నేర్పని పద్ధతి. ఇంటికొక్క ఫోన్‌కే బ్యాంకు కలిసి ఉంటుంది. గ్యాసు బండ, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ముసలమ్మ మందులు, అన్నీ ఆ ఫోన్ నుంచే. "జర కొట్టిపెట్టు, పైసలిస్త" అని పక్కింటాయన చేతిలో నోటు పెట్టేవాళ్ళు, లింకును మరిదికి పంపేవాళ్ళు. రజని కూడా అట్లా పెరిగిందే. కానీ తెర ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతే మరిచిపోయింది. ఆమె పైన ఎంచుకున్న నంబరు పైసలు కొట్టినవాళ్ళది. రోగి నంబరు దాని కింద ఉంది. పరీక్ష చేసినప్పుడు రోగీ తనే, పైసలు కొట్టిందీ తనే. రెండు నంబర్లూ ఒకటే అయినప్పుడు తప్పు ఎట్లా కనబడుతుంది? లెక్క సరిపోయింది, మొఖం చూడలేదు.

ముందు గీతను ఆపేసింది. పొద్దుటి నుంచి పోయినవన్నీ ఒక్కొక్కటి తెరిచింది. కొడుక్కు పోయిన తల్లి థైరాయిడ్ రిపోర్టు, భార్యకు పోయిన భర్త రిపోర్టు, కిరాయికుండే కుర్రాడి జ్వరం రిపోర్టు ఇంటి ఓనరుకు. ఇవన్నీ సర్దుకుపోయేవే. కిందికి జరిపింది. వసంత, మఠంపల్లి. ఫైలులో ఉన్న నంబరు ఒకటి, రిపోర్టు పోయిన నంబరు ఇంకొకటి. పైసలు కొట్టినవారి పేరు దగ్గర పవన్ అని ఉంది.

ఆమె మనసులో జరిగిందంతా బొమ్మ కట్టింది. ల్యాబ్ బిల్లు లింకు వసంత ఫోన్‌కు వచ్చి ఉంటుంది. కోదాడ సెంటర్‌లో నగదు తీసుకోవద్దని సార్ ఆర్డరు. వసంత బ్యాంకు పుస్తకం అత్త దగ్గర ఉండి ఉంటుంది. ఎప్పటిలాగే లింకును మరిదికి పంపి, రక్తం తక్కువుందని పరీక్ష చేయించుకున్నానని చెప్పి ఉంటుంది. బిల్లులో పరీక్ష పేరు ఉండదు కదా, భయమేముందని అనుకుని ఉంటుంది. బిల్లు కట్టడం వరకు మరిదిని నమ్మింది, రిపోర్టు తనకే వస్తుందని రజనిని నమ్మింది.

పోయిన మెసేజ్ పక్కన బూడిద రంగులో రెండు టిక్కులున్నాయి. చేరింది, ఇంకా చూడలేదు. పంపిన మెసేజును వెనక్కి తీసుకునే దారి ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇక్కడ జారింది నోరు కూడా కాదు, ఒక గీత. ఆ ఫైలు తెరిస్తే పైన వసంత పేరు, కింద పాజిటివ్ అన్న మాట. పల్లెటూళ్ళో కూడా ఆ మాట అర్థం కానివాళ్ళు లేరు.

వసంతకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగి, ఎవరో ఎత్తారు. "ఎవలు?" అంది ఒక ముసలి గొంతు. గరుకుగా, అనుమానంగా ఉంది. రజని నోట మాట రాలేదు. "ఎవలే మాట్లాడుతలేరు? వసంతా, నీకెవలో ఫోన్ జేస్తున్రు..." రజని పెట్టేసింది. పెట్టేశాక ఇంకో భయం పట్టుకుంది. మాట్లాడకుండా పెట్టేస్తే ఆ ముసలామెకు అనుమానం పెరగదా?

జగదీశ్ గదిలోకి పోయి అంతా చెప్పింది. వసంత పేరు మాత్రం చెప్పలేదు, ఆడవాళ్ళ రిపోర్టులు కూడా పోయాయని అంది. సార్ మొహం మాడిపోయింది.

"అడిగినోళ్ళకు సారీ జెప్పు. అడగనోళ్ళను గెలుకకు. ఊరంతా చాటింపు ఏస్తె ల్యాబ్ పేరు మట్టిల కలుస్తది."

"సార్, అందరికీ ఒక మెసేజ్ పెడదాం. ఇయ్యాల వచ్చిన రిపోర్టులు తప్పు, నమ్మొద్దు, మళ్ళ ఉత్తగనే చేస్తమని."

"నీకు పిచ్చిలేసిందా? మన రిపోర్టు తప్పని మనమే జెప్పుకోవాల్నా? వద్దన్న గద, పో."

సార్ చెడ్డవాడేమీ కాదు. ఆయన భయం ఆయనది. రజని తిరిగొచ్చి తెర ముందు కూర్చుంది. ఒక్క పవన్‌కే "తప్పు రిపోర్టు" అని పంపితే వాడికి అనుమానం వస్తుంది. అందరికీ పంపితే అందరిలో అదీ కలిసిపోతుంది. లింగమ్మది కోళ్ళ దుకాణమాయనకు వచ్చినట్టే, ఎవరిదో వసంత పేరు మీద వచ్చిందని నమ్ముతాడు. ఇంతకన్నా దారి లేదు. కానీ అది నొక్కితే ఉద్యోగం పోవచ్చు. ఉరుముకు జడిసే మనిషి, పైవాడు గట్టిగా పిలిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. ఆమె మాటలు టైపు చేసి, పేర్లన్నీ ఎంచుకుని, నొక్కలేక చూస్తూ కూర్చుంది.

అట్లా చూస్తుండగానే వసంత పేరు పక్కన రెండు టిక్కులు నీలంగా మారాయి.

పవన్ చూశాడు. రజనికి వాగు ఒడ్డున దొరికిన గొర్రె కళ్ళముందు మెదిలింది. ఇక ఆలోచించలేదు, నొక్కేసింది. "సాంకేతిక తప్పు వల్ల ఈరోజు రిపోర్టులు కలగాపులగమై వేరేవాళ్ళ నంబర్లకు వెళ్ళాయి. మీకు వచ్చిన రిపోర్టును నమ్మవద్దు. మళ్ళీ పరీక్ష ఉచితంగా చేస్తాం." అంతమందికీ ఒక్కసారిగా పోయింది. పక్క గదిలో సార్ ఫోన్ కూడా ఠంగుమంది, ఆయన నంబరు కూడా అందులో ఉన్నట్టుంది. ఆయన బయటికి వచ్చి ఆమె వైపు చూసిన చూపుకు మామూలు రోజైతే రజని సొమ్మసిల్లేది. "రేపటి నుంచి కంప్యూటర్ ముట్టకు" అని మాత్రం అన్నాడు. ఆమెకు అది సగమే వినబడింది. కళ్ళు ఆ నీలం టిక్కుల మీదే ఉన్నాయి.

సాయంత్రం దాకా ఫోన్లు. తిట్టేవాళ్ళు, నవ్వేవాళ్ళు, ఉచితం అన్నారని పనికట్టుకుని అడిగేవాళ్ళు. పొద్దు వాలుతుండగా ఆమె ఎదురుచూసిన నంబరు, రాకూడదని మొక్కుకున్న నంబరు, మోగింది.

"ధన్వి ల్యాబేనాండి? నేను పవన్, మఠంపల్లి." గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. ఎండిన చెరువులా ఉంది. "మా వదిన రిపోర్టు తప్పన్నరు గద."

"తప్పేనండి. మా పొరపాటు. మళ్ళ రక్తం తీయాలె."

"రేపు తీస్కరానా?"

"తీస్కరండి. కోదాడకు."

అవతల ఎక్కడో బర్రె అరిచింది. తర్వాత అతను, "పాపను గూడ తేవాల్నా మేడం?" అన్నాడు.

పాపను ఎందుకడుగుతున్నాడు? అంతా తెలిసి వల వేస్తున్నాడా? అవునంటే దొరికిపోతుందా, కాదంటే వసంతకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుందా? ఆమె కళ్ళు మూసుకుంది. "తేవాలె. పాపకు గూడ ఒకసారి రక్తం సూడాలె" అంది.

"గదే ముక్క మెసేజ్ పెట్టుండ్రి. మా అమ్మకు సూపెట్టాలె."

రాతపూర్వకంగా అబద్ధం. ల్యాబ్ పేరు మీద. రేపు ఎవరైనా నిలదీస్తే చూపించడానికి సాక్ష్యం కూడా తన చేతులతోనే ఇస్తున్నది. తప్పు రిపోర్టు అన్నది ఒక అబద్ధం, పాపకు పరీక్ష అన్నది ఇంకొకటి. రజని ఆ మెసేజ్ పెట్టింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకపోతే మహేశ్వర్, "ఎవలన్న ఏమన్న అన్నరా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది.

మర్నాడు కోదాడ సెంటర్‌లో తలుపు తీసిన దగ్గర్నుంచి ప్రతి బండి చప్పుడుకూ లేచి చూసింది. ఎండెక్కాక వచ్చారు. ముందు పవన్. బక్కపలచని మనిషి, ముప్పై కూడా ఉండవు. వెనక వసంత, వాళ్ళ మధ్య స్కూలు బట్టల్లో అక్షిత. పవన్ లోపలికి రాలేదు. "నేను గీడ ఛాయ్ తాగుత, మీరు కానియ్యుండ్రి" అని రోడ్డవతల టీకొట్టు దగ్గరికి పోయాడు.

లోపలికి రాగానే వసంత రజని రెండు చేతులూ పట్టుకుంది. "ఎందుకు రమ్మన్నరక్కా? రాత్రి మెసేజ్ సూపెట్టి మా అత్తను ఒప్పిచ్చిండు. తొవ్వ పొడుగూత ఒక్క మాట మాట్లాడలే. నాకేదో అనుమానంగ ఉన్నది."

"నిలిచింది వసంతా" అంది రజని ఒక్క ముక్కలో. జరిగిన తప్పు చెప్పడానికి నోరు రాలేదు, టైము కూడా లేదు. "పాప నీతోనే ఉన్నది. గిట్లాంటి రోజు మళ్ళ రాదు. ఎనక తలుపు సందులకు తీస్తది, సందు దాటితే బస్టాండు. మిర్యాలగూడ బస్సు నిలబడి ఉన్నది. నా ఫోన్‌తోని సతీష్‌కు జెప్పు, దిగేకాడ నిలబడుమను."

వసంత ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో పుట్టెడు భయం, దాని అడుగున ఎక్కడో ఇంకేదో. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడింది. పాపను చంకనేసుకుంది. పాపకు చదువుల వయసు వచ్చేసింది, చంకనెత్తుకునే వయసు కాదు, అయినా ఎత్తుకుంది. వెనక తలుపు తెరుచుకుని మూసుకుంది.

రజని ముందు అద్దాల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. పవన్ టీకొట్టు దగ్గర ఉన్నాడు. చేతిలో గ్లాసు. ల్యాబ్ వైపుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎప్పుడు తిరుగుతాడోనని ఆమె ఆ వీపునే చూస్తోంది. లోపలికి వస్తే ఏం చెప్పాలి? బాత్రూంకు పోయిందనాలా? ఎంతసేపనాలి? ఆ బస్సు డ్రైవరు ఇంకా ఎందుకు తీయడు, ఎవరికోసం ఆగాడు? చేతికి దొరికిన దూది ముక్కను పీకి పీకి పోగులు చేసింది.

బస్టాండు మలుపులోంచి బస్సు ముక్కు కనబడింది. ఆ బస్సు టీకొట్టు పక్కనుంచే పోవాలి. రజనికి ఇది ముందు తట్టలేదు. బస్సు నెమ్మదిగా మలుపు తిరిగింది. కిటికీలో వసంత లేదు, కిందికి వంగిపోయినట్టుంది. కానీ అక్షిత మొహం కిటికీ చువ్వలకు ఆనించి ఉంది. పాప చూసింది. చెయ్యి బయటికి చాపి, కోదాడంతా వినబడేటట్టు, "బాబాయ్! బాబాయ్!" అని కేక పెట్టింది.

టీకొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. టీ పోసేవాడు కూడా బస్సు వైపు చూశాడు. పవన్ తిరగలేదు. గ్లాసు పట్టుకుని గోడకున్న ఏదో పోస్టరును చూస్తూ నిలబడ్డాడు. పాప మళ్ళీ పిలిచింది. బస్సు హారన్ కొట్టి, దుమ్ము లేపి, హుజూర్‌నగర్ దారి పట్టి పోయింది.

పోయాక చాలాసేపటికి అతను గ్లాసు బల్ల మీద పెట్టి రోడ్డు దాటి వచ్చాడు. గ్లాసులో ఛాయ్ పోసినంతా అట్లాగే ఉంది, పైన మీగడ కట్టింది. రజని అద్దాల తలుపుకు అడ్డంగా నిలబడింది.

"పోయిందా మేడం?" అన్నాడు పవన్.

రజని తలుపు పిడి వదల్లేదు.

"నిన్న మిరప తోటల ఉన్న. మీ మొదటి మెసేజ్ గక్కడనే సదివిన. ఇంకా చేతుల ఫోన్ ఉండంగనే తప్పని ఇంకోటి వచ్చింది." అతను నేల చూస్తూ మాట్లాడుతున్నాడు. "తప్పు గాదని నాకు తెలుసు. వదిన పొద్దుగాల దొడ్లె కక్కుకుంటుంటే సూసింది ఇంట్ల నేనొక్కన్నే. ఏం జెయ్యాలె, ఎట్ల పంపాలె అని నాకు తెలుస్తలేకుండె. మీ రెండో మెసేజ్ వచ్చినంక దారి దొరికింది. పాపను అమ్మ పంపది గద, అందుకే మీతోని రాపిచ్చిన."

ఇంత పొద్దూ ఆమె వణికింది ఒక నంబరును చూసి. ఆ నంబరుకు ఈ మొహం ఉందని ఇప్పుడే చూస్తోంది.

"పాప పిలిచింది... ఇన్లేదా?"

"ఇన్న. తిరిగి సూస్తె నాకు తెలుసని వదినకు తెలిసిపోతది. ఇగ బతుకంత భయపడుకుంటనే ఉంటది, నేనొస్తనేమో పాపను గుంజుకపోతనేమో అని. నన్ను మోసం జేసి పోయిన అనుకుంటేనే ఆమె నిమ్మళంగ ఉంటది. మీరు గూడ జెప్పకుండ్రి. అమ్మకు నేను జెప్పుకుంట."

వెళ్ళబోయి ఆగాడు. ప్యాంటు జేబులోంచి ఒక చిన్న చెప్పు తీశాడు. ఎర్రది, పట్టీ తెగింది. "బండి దిగేటప్పుడు పాప కాలికెళ్ళి జారింది. ఉత్త కాలుతోనే పోయింది. మీ ఐసు డబ్బాలు మిర్యాలగూడకు గూడ పోతయ్ గద మేడం?"

"పోతయ్."

"అయితే దాంట్ల పెట్టి పంపుండ్రి. కుట్టిచ్చి పంపుదునేమో గానీ, ఎప్పుడు తెగినా కుట్టిచ్చేది నేనే, కుట్టిస్తె నేనని గుర్తువడుతది." చెప్పును ఆమె చేతిలో పెట్టాడు. "ల్యాబ్‌ల దొరికిందని జెప్పుండ్రి."

బండి తీసుకుని మఠంపల్లి దారిన పోయాడు. వచ్చినప్పుడు ముగ్గురు కూర్చున్న బండి మీద ఒక్కడే ఎప్పటిలాగే ముందుకు జరిగి కూర్చున్నాడు, వెనక ఇద్దరికి చోటు వదిలి.